చాక్‌పీసు పట్టే చేతికి ఏ వాచీ? గార్మిన్ వీవోమూవ్ ట్రెండ్, దాని పక్కన ఒక నిండు తెర స్మార్ట్‌వాచీ

మొదటే చెప్పేస్తాను. నేను ముళ్లున్న హైబ్రిడ్ వాచీ ఉంచుకున్నాను. మా ఆయన చేతికి మాత్రం నిండు తెర స్మార్ట్‌వాచీయే పెట్టించాను. ఒకే ఇంట్లో రెండు తీర్పులేంటని స్టాఫ్‌రూములో అడిగినవాళ్ల కోసం, అడగకుండా నా మణికట్టు వంక చూసి ఊరుకున్నవాళ్ల కోసం కూడా ఇది రాస్తున్నాను.

నేను తెనాలిలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పీరియడ్లు, ల్యాబు అన్నీ నిలబడి చేసే పనే. ఫోను మాత్రం స్టాఫ్‌రూము బీరువాలో ఉంటుంది. క్లాసులో తాను ఫోను తీసే లెక్చరరు పిల్లల్ని తీయొద్దని ఏ మొహంతో అంటుంది? మొన్నామధ్య రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగరు లెక్క, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ కింద లెక్క. డాక్టరుగారు మందు రాయలేదు, "గుమ్మం దాకా వచ్చిందమ్మా, లోపలికి రానివ్వకండి, రాత్రి తిన్నాక నడవండి" అన్నారు. అలా నాకు కావాల్సినవి తేలాయి: టైము, అడుగుల లెక్క, నిద్ర లెక్క, ఇంటి నుంచి ఫోనొస్తే చేతి మీద ఒక చిన్న వణుకు. అంతే. ఈకామర్స్ పేజీల్లో వాచీకి నూరు స్పోర్ట్స్ మోడ్లున్నాయని రాస్తారు. మా ఇంటికీ కాలేజీకీ మధ్య ఉన్న స్పోర్టు ఒకటే, స్కూటీ.

ముందు వచ్చింది నిండు తెర వాచీ. అమెరికాలో ఉన్న తమ్ముడు సంక్రాంతికి వస్తూ తెచ్చాడు. పేరున్న కంపెనీదే, ఆ పేరుతో ఇక్కడ పని లేదు. ఎందుకంటే నాకొచ్చిన చిక్కులు ఆ ఒక్క కంపెనీవి కావు, ఆ రకం వాచీలన్నిటివీ. మెచ్చుకోవాల్సినవి ముందు చెప్పాలి. తెర రంగులు చూడముచ్చటగా ఉంటాయి. విజయవాడలో తెలియని సందులోకి వెళ్లినప్పుడు ఎడమకు తిరగమని చేతి మీదే చెప్పింది. పిండి కలుపుతున్నప్పుడు ఫోనొస్తే చిటికెన వేలితో నొక్కి వాచీలోనే మాట్లాడాను. ఈ సుఖం హైబ్రిడ్‌లో లేదు, ఇప్పటికీ వంటింట్లో దాని లోటు తెలుస్తూనే ఉంటుంది.

చిక్కంతా క్లాసులో. చెయ్యి పైకెత్తితే తెర వెలిగేలా ఆ వాచీలు తయారవుతాయి. బోర్డు మీద రాయడమంటేనే చెయ్యెత్తడం. నేను లెంజ్ నియమం రాస్తున్నాను, మణికట్టు మీద దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది, పిల్లల కళ్లు అయస్కాంతం మీంచి వాచీ మీదికి వెళ్లాయి. పైగా బ్లూటూత్ కారిడార్ దాటి కూడా అందిందేమో, బీరువాలో ఉన్న ఫోనుకు వచ్చినదల్లా చేతికి వచ్చేది. స్టాఫ్ వాట్సాప్ గ్రూపు, చుట్టాల గ్రూపులో శుభోదయం బొమ్మలు, ఏదో బ్యాంకువాళ్లు ఇస్తామన్న బంగారు రుణం. మొదటి బెంచీలో కూర్చున్న అమ్మాయి ఆ రుణం వడ్డీ చదివేసిందని దాని ముసిముసి నవ్వు చూస్తే అర్థమైంది.

సెట్టింగుల్లో ఆపుకోవచ్చు కదా అంటారు. ఆపాను. అక్కడే అసలు సంగతి బయటపడింది. చెయ్యెత్తితే వెలగడం ఆపేస్తే నిండు తెర వాచీలో టైము కూడా కనపడదు. నల్లటి పలక ఒకటి చేతికి కట్టుకున్నట్టే, టైము కోసం రెండో చేత్తో తట్టాలి. బోర్డు దగ్గర ఆ చెయ్యీ ఖాళీగా ఉండదు. ఎప్పుడూ వెలిగే తెర అనే ఏర్పాటు ఉంది, అది పెడితే అసలే అంతంతమాత్రంగా ఉన్న బ్యాటరీ ఇంకా తొందరగా దిగుతుంది. హైబ్రిడ్‌లో తెర మొత్తం ఆపేసినా ఒక వాచీ మిగులుతుంది. నేను ఇటు రావడానికి కారణం ఈ ఒక్క ముక్కే. అందం, హుందాతనం అన్నీ దాని తర్వాతవి.

హైబ్రిడ్ అంటే తెలియనివాళ్లకు: పైకి మామూలు వాచీ. గంటల ముల్లు, నిమిషాల ముల్లు, డయలు. లోపల చిన్న స్టెప్పర్ మోటార్లు ఆ ముళ్లను తిప్పుతాయి, పక్కన బ్లూటూత్, అడుగులు లెక్కపెట్టే చిప్పు. ఇందులో మూడు నాలుగు తెగలున్నాయి. తెరే లేని పాతకాలపు ఫాసిల్ హైబ్రిడ్లలో ఒక తమాషా ఉండేది: ఇంట్లోవాళ్లకు ఒక్కొక్కరికీ డయలు మీద ఒక అంకె కేటాయిస్తే, వాళ్ల ఫోనొచ్చినప్పుడు ముళ్లు రెండూ ఆ అంకె మీదికి వెళ్లి నిలబడేవి. మూడు మీదికి వెళ్తే అమ్మ, ఏడు మీదికి వెళ్తే అబ్బాయి. ఇంతకంటే మర్యాదగా కబురు చెప్పే యంత్రం నేను చూడలేదు. రెండో తెగ ఫ్రాన్సు కంపెనీ విథింగ్స్‌ది, డయలులో చిన్న గుండ్రటి కిటికీ, బ్యాటరీ నెల రోజులని కంపెనీ మాట. మూడోది ఎలక్ట్రానిక్ ఇంకు తెర మీద ముళ్లు. నాలుగోది గార్మిన్ వీవోమూవ్ తెగ: డయలు కిందే తెర దాక్కుని ఉంటుంది, వెలిగినప్పుడు ముళ్లు అక్షరాలకు అడ్డం రాకుండా పక్కకు జరిగి నిలబడతాయి, పని అయ్యాక మళ్లీ టైము దగ్గరికి వస్తాయి.

నేను కొన్నది ఈ నాలుగో తెగలోది, 2023లో వచ్చిన వీవోమూవ్ ట్రెండ్. డయలు 40 మిల్లీమీటర్లు దాటి వెంట్రుకవాసి ఎక్కువ. నాది సన్న మణికట్టు, అయినా ఎబ్బెట్టుగా లేదు. దీనికీ చెయ్యెత్తితే వెలిగే అలవాటు పుట్టుకతో ఉంది. ఆపేసి, రెండుసార్లు తడితేనే వెలిగేలా పెట్టుకున్నాను. ఫోన్ కాల్స్ తప్ప మిగతా కబుర్లన్నీ కట్టేశాను. ఇప్పుడు క్లాసులో అది ఉత్త వాచీ. ఇంటి నుంచి ఫోనొస్తే ఒక్కసారి వణుకుతుంది, పిల్లలకు తెలియదు. ప్రిన్సిపాల్‌గారి మీటింగులో టైము చూసుకోవాలంటే మణికట్టు విసురుగా తిప్పక్కర్లేదు, కనుకొసల్లోంచి చూస్తే చాలు. మీటింగులో వాచీ విదిలించి చూడడం ఎంత అమర్యాదో, అవతలి కుర్చీలో కూర్చున్నప్పుడు గాని తెలియదు.

ముళ్లు పక్కకు జరగడం చూడ్డానికి మా ఇంట్లో కొన్నాళ్లు అదే పని. మా అబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చి, "అమ్మా, ఇంకోసారి తట్టు" అంటూ కూర్చున్నాడు.

ఇక లోపాలు. బ్యాటరీ ఐదు రోజులని కంపెనీ చెబుతుంది. అది అయ్యాక టైము ఒక్కటే చూపిస్తూ ఇంకో రోజు నడుస్తుందట, ఆ దాకా నేను రానివ్వలేదు. ఆదివారం తలంటుకునేటప్పుడు ఒకసారి, గురువారం వంట వేళ ఒకసారి చార్జింగుకు పెడతాను. వైర్‌లెస్ చార్జింగు కాబట్టి ఫోన్ల కోసం కొన్న బిళ్లే దీనికీ సరిపోయింది, వేరే తీగ దాచుకోవాల్సిన పని తప్పింది. నిండు తెర వాచీల్లో రోజూ రాత్రి చార్జింగు మామూలు. ఆపిల్ వాచీ మామూలు మోడళ్లకు ఆ కంపెనీ చాలా ఏళ్లపాటు చెప్పిన లెక్క 18 గంటలు. రాత్రి చార్జింగుకు పెడితే నిద్ర లెక్క ఎవరు రాస్తారు? ఈ ప్రశ్నకు తమ్ముడి జవాబు, "అక్కా, స్నానానికి వెళ్లినప్పుడు పెట్టుకో." పొద్దున్నే క్యారియరు కట్టే ఆడవాళ్ల స్నానం ఎంతసేపో వాడికి తెలియదు. అయితే ఆ తెగలోనూ మార్పు వస్తోంది. 2024లో వచ్చిన వన్‌ప్లస్ వాచ్ 2లో పెద్ద పనులకు ఒకటి, చిన్న పనులకు ఒకటి, రెండు చిప్పులు పెట్టి వంద గంటలని చెప్పారు. బ్యాటరీ ఒక్కటే అడ్డమైతే అలాంటివి చూడొచ్చు.

ఎండ సంగతి. డయలు కింద దాక్కునే తెరలేవీ ఎండకు నిలవవు. మే నెల మిట్టమధ్యాహ్నం తెనాలి స్టేషన్ ప్లాట్‌ఫారం మీద అడుగుల అంకె చదవాలంటే కొంగు అడ్డం పెట్టాలి. ముళ్లకు ఆ బాధ లేదు. ఈ వాచీలో సొంత జీపీఎస్ లేదు, నడిచిన దారి మ్యాపులో పడాలంటే ఫోను వెంట ఉండాలి. నాకు ఆ మ్యాపు అక్కర్లేదు, కాలవగట్టు ఎక్కడుందో నాకు తెలుసు. పరుగు పందేలకు వెళ్లేవాళ్లు మాత్రం ఈ వాచీ జోలికి రావద్దు, అదే కంపెనీలో వాళ్ల కోసం వేరే వరస ఉంది.

పట్టీ గురించి కాస్త ఎక్కువ రాయాలి, మగవాళ్ల రివ్యూల్లో ఇది కనపడదు. లేతరంగు సిలికాన్ పట్టీకి పసుపు అంటితే ఇక వదలదు. నిమ్మచెక్క, వంటసోడా అన్నీ అయ్యాయి. తోలు పట్టీ పెడితే మన కోస్తా ఉక్కకు నెలలోనే చెమట కంపు. ఈ వాచీకి మామూలు 20 మిల్లీమీటర్ల పట్టీ పడుతుంది, వెనక చిన్న మీట లాగితే ఊడొస్తుంది. కాబట్టి విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక చిన్న కొట్లో జాలీ స్టీలు పట్టీ తీసుకున్నాను. కడిగితే శుభ్రం, పట్టుచీర మీదికీ బావుంది. ఆ మధ్య పెళ్లిలో మా ఆడపడుచు వియ్యపురాలు చెయ్యి పట్టుకుని చూసి, "కొత్త టైటానా అమ్మా?" అంది. అవునన్నట్టు తలూపాను. నిజానికి టైటాన్ కూడా ఈ దారి తొక్కింది, 2016లో హెచ్‌పీతో కలిసి జక్స్ట్ అనే హైబ్రిడ్ తెచ్చింది. ఇంకోమాట, ఎడమ చేతికి వాచీ పెడితే ఆ చేతికి గాజులు మానండి. మట్టిగాజు తగిలి అద్దానికి గీత పడడమే కాదు, వాచీ పైకీ కిందికీ జరిగి గుండె లెక్క తప్పుతుంది.

ఆ లెక్క సంగతి ఫిజిక్స్ మేడమ్‌గా చెప్పక తప్పదు. వాచీ వెనక వెలిగే ఆకుపచ్చ దీపం వెలుగు చర్మంలోకి వెళ్తుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం కాస్త పెరుగుతుంది, వెనక్కి వచ్చే కాంతి ఆ మేరకు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులు లెక్కపెట్టడమే దాని పని. వాచీ వదులైతే బయటి వెలుతురు దూరి లెక్క చెడుతుంది. అడుగుల లెక్కకు యాక్సిలరోమీటరు, అంటే కదలికను కొలిచే చిప్పు. చేతి ఊపును చూసి అడుగు పడిందని ఊహిస్తుంది, కాలును అది చూడదు. కాబట్టి ఎడమ చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని మెట్లెక్కితే కొన్ని అడుగులు ఎగిరిపోతాయి. బోర్డు తుడిస్తే లేని అడుగులు పడతాయి. నా మణికట్టు మీద రెండు వాచీలూ ఒకేలా మోసపోయాయి. తెర పెద్దదైనంత మాత్రాన లెక్క బాగుంటుందనుకోవద్దు, ముళ్లు ఖరీదైనవైనా అంతే. నేను చూసేది ఈ వారం పోయిన వారంకంటే ఎక్కువ నడిచానా అన్నదే, అందుకు ఈ మోటు లెక్క చాలు.

షుగరు ఉన్నవాళ్లు, నాలాగా గుమ్మంలో ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. సూది గుచ్చకుండా షుగరు చూపిస్తామనే వాచీలు ఆన్‌లైన్లో రెండు వేలకే దొరుకుతున్నాయి. అలా కొలిచే వాచీకి గాని ఉంగరానికి గాని తాము అనుమతి ఇవ్వలేదని, వాడొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. బీపీ కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. శామ్‌సంగ్ లాంటి పెద్ద కంపెనీయే తన వాచీ బీపీ లెక్కను 28 రోజులకొకసారి చేతికి పట్టీ చుట్టే మామూలు మిషన్‌తో సరిచూసుకోమంటుంది. అలా సరిచూసుకోకుండానే రెండు వేల వాచీ చూపే 120/80ని నమ్మి మాత్ర మానేసేవాళ్లున్నారు, మా వీధిలోనే ఉన్నారు.

ఇప్పుడు మా ఆయన సంగతి. ఆయనకు స్టెంటు పడింది. తెల్లారకముందే కాలవగట్టు వెంట ఒక్కరే నడకకు వెళ్తారు, ఫోను ఇంట్లో వదిలేస్తారు, చెబితే వినరు. ఆయనకూ హైబ్రిడ్ అంటే మనసే, "నీది వాచీలా ఉంది, తమ్ముడిచ్చింది టీవీలా ఉంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. హైబ్రిడ్‌కు సొంత సిమ్ లేదు. ఫోను ఇంట్లో ఉంటే గట్టు మీద అది అడుగులు లెక్కపెట్టే గడియారమే. పడిపోతే కనిపెట్టి, కాసేపు కదలకపోతే ఇంటికి ఫోను చేసే ఏర్పాటు, అందులోనే ఈసిమ్ (వాచీ లోపలే ఉండే సిమ్), ఇవి కావాలంటే నిండు తెర వాచీయే. ఆయనది ఆండ్రాయిడ్ ఫోను కాబట్టి ఆపిల్ వాచీ ఊసు లేదు, అది ఐఫోనుతో తప్ప జత కట్టదు. ఫోను లేకుండానే నెట్‌వర్కు అందుకునే ఎల్‌టీఈ రకం ఒకటి తీసుకుని ఈసిమ్ వేయించాం. మొన్న అరుగు మీద చేత్తో గట్టిగా కొట్టి ఎవరితోనో రాజకీయం మాట్లాడుతుంటే "పడిపోయారా?" అని అడిగిందట. విసుక్కున్నారు గాని తీసి అవతల పెట్టలేదు.

ఆయనకు ఒకటికి రెండుసార్లు చెప్పింది ఈసీజీ గురించి. వాచీ తీసేది ఒకే ఒక్క లీడు ఈసీజీ, అంటే గుండెను ఒక్క కోణం నుంచే చూస్తుంది. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందేమో చూడడానికి అది. గుండెపోటును కనిపెట్టలేదని ఆపిల్ కంపెనీయే తన వాచీ గురించి రాసి పెట్టింది. "అంతా బానే ఉంది" అని వాచీ చూపించినా ఛాతీలో నొప్పి వస్తే వాచీ చూడకండి, నన్ను లేపండి అన్నాను.

కొనేముందు ఒక జాగ్రత్త. ఫాసిల్ హైబ్రిడ్లు ఆన్‌లైన్లో సగం ధరకు కనిపిస్తే మనసు లాగుతుంది, చూడ్డానికి అంత బావుంటాయి. కాని ఆ కంపెనీ 2024 జనవరిలో స్మార్ట్‌వాచీల వ్యాపారం మానేస్తున్నట్టు ప్రకటించింది, ఉన్నవాటికి కొన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తామంది. ఈ వాచీల ప్రాణం సగం ఫోనులోని యాప్‌లో ఉంటుంది. యాప్ పోతే మిగిలేది ఖరీదైన గడియారం. విథింగ్స్‌దీ అలాంటి గండమే, 2016లో నోకియా కొంది, 2018లో స్థాపకుల్లో ఒకరు తిరిగి కొనుక్కున్నారు, అదృష్టవశాత్తూ నిలబడింది. వాచీ ఎంత బావుందో చూసినట్టే, ఆ యాప్ నడిపేవాళ్లు ఆ పనిలో ఉంటారా అని కూడా చూడాలి. నేను గార్మిన్ వైపు మొగ్గడానికి అదొక కారణం, వాళ్ల బతుకుతెరువులో ఇదొక పెద్ద భాగం. యాప్‌లో అడుగులు, నిద్ర చూడ్డానికి నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు కూడా.

పరీక్షల రోజుల్లో మాత్రం ఈ వాచీ బీరువాలోనే. నీట్‌కు పిల్లల్ని ఏ వాచీతోనూ లోపలికి రానివ్వరు. ఇన్విజిలేషన్‌కు వెళ్లే నేను చూడ్డానికి మామూలుగా ఉంటూ లోపల బ్లూటూత్ పెట్టుకున్న వాచీ కట్టుకుని వెళ్లడం నాకే నచ్చలేదు. చూసేవాళ్లకు తేడా తెలియకపోవడమే ఇక్కడ చిక్కు. అందుకని ఆ రోజుల్లో సెల్ వేయించిన పాత టైటానే కట్టుకుంటాను.

మా జువాలజీ మేడమ్ నా వాచీ చూసి ముచ్చటపడి, ఇలాంటిదే కొనడానికి విజయవాడ వెళ్లే రైలెక్కబోయింది. ఆగమన్నాను. ఆవిడ ల్యాబులో పిల్లలు వేళ్లతో నాడి పట్టుకుంటే, ఆవిడే సెకన్లు చూసి "మొదలు, ఆపు" అని చెప్పాలి. ఈ వాచీలో సెకన్ల ముల్లు లేదు. డయలు మధ్యలో రెండే ముళ్లు, అవి పక్కకు జరగాలి కాబట్టి మూడోదానికి చోటు లేదు. టైమర్ పెట్టుకోవచ్చు గాని ప్రతిసారీ తట్టి, జరిపి, నొక్కాలి. ఆవిడ తెనాలిలోనే సెకన్ల ముల్లున్న మామూలు క్వార్ట్జ్ వాచీ కొనుక్కుంది, నేను పెట్టినదానిలో పదోవంతు కూడా కాలేదు.